పథేర్ పాంచాలి: చదవడం మేలా, చూడడం మేలా?

మా చెల్లి కూతురు డిగ్రీ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, నవల చదవనా, సినిమా చూడనా? రెండిట్లో ఒకటే చెప్పు" అంది. వెంటనే చెప్పలేకపోయాను. విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలను ఇంటర్ సెలవుల్లో తెలుగు అనువాదంలో చదివాను. సత్యజిత్ రాయ్ సినిమా చూసేసరికి నాకు పెళ్లై ఒక పాప కూడా పుట్టింది. నవల పుస్తకంగా వచ్చింది 1929లో, సినిమా 1955లో. రెండూ నన్ను ఏడిపించాయి, కానీ ఒకేచోట కాదు.

ముందు ఇందిర్ ఠాక్రూన్ సంగతి. ఆ ఇంటి పిల్లలు దుర్గ, ఆమె తమ్ముడు అపూ ఆమెను 'పిషి' అంటారు, బెంగాలీలో మేనత్త అన్నమాట. దిక్కులేక, తమ్ముడి వరసైన పిల్లల తండ్రి హరిహర్ ఇంట్లో తలదాచుకున్న ముసలావిడ. నవలలో ఆమె మొదటి భాగంలోనే, అపూ ఇంకా పసివాడిగా ఉండగానే పోతుంది. రాయ్ ఆమెను ఇంకొన్నేళ్లు బతికించాడు. ఎంత మంచి పని చేశాడో! ఆ వేషం వేసిన చునీబాలా దేవికి అప్పటికి ఎనభై ఏళ్లు. ఆ బోసినోరు, చిరుగుల బట్ట, ఒక్కతే కూర్చుని పాడుకునే పాట... మా ఊళ్లో వంటింటి వసారాలో ఒక మూల బతుకు వెళ్లదీసిన ఒకావిడ నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆమెతో సరిగ్గా మాట్లాడనైనా లేదు. సినిమాలో వెదురు తోపులో కూర్చున్న పిషిని దుర్గ నవ్వుతూ కదిపితే, ఆమె పక్కకు ఒరిగిపోతుంది. అక్కడ సినిమా ఆపేసి కాసేపు బయట కూర్చున్నాను. నవలలో ఆమె చావు చదివినప్పుడు బాధపడ్డానే గానీ ఇంతగా కదిలిపోలేదు.

దొంగతనం విషయంలోనూ సినిమాదే పైచేయి. పొరుగింటి వస్తువు తీసిందని దుర్గ మీద నింద పడుతుంది, దెబ్బలు తింటుంది. దుర్గ చనిపోయాక అది అపూ కంటపడుతుంది. నవలలో అది బంగారు కుంకుమ భరిణె, అపూ దాన్ని వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసల దండ, చెరువులోకి విసురుతాడు. నీటి మీది నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ కమ్ముకుంటుంది. అక్క గుట్టును ఆ చెరువు దాచిపెట్టినట్టే ఉంటుంది. మాట ఒక్కటి లేదు.

ఇక సంగీతం. హరిహర్ చాలా రోజులకు ఇంటికొచ్చి, దుర్గ కోసం తెచ్చిన చీర తీసి చూపిస్తాడు. పిల్ల లేదన్న సంగతి అతనికి తెలీదు. అతని భార్య సర్వజయ కుప్పకూలుతుంది, నోరు తెరుచుకుంటుంది, కానీ మనకు ఆమె గొంతు వినిపించదు. దాని బదులు తార్ షెహనాయ్ అనే తీగవాద్యం పైస్థాయిలో మోగుతుంది. రవిశంకర్ ఈ సినిమా సంగీతమంతా దాదాపు ఒక్క రాత్రిలో చేశారు. బెంగాలీ ఒక్క ముక్క రాని నాకు ఆ క్షణంలో సబ్‌టైటిల్ అవసరమే పడలేదు.

మరి నవలకు ఏం మిగిలింది? అపూ మనసు మిగిలింది. తల్లి మహాభారతం చదువుతుంటే వాడు కర్ణుడి కోసం కుమిలిపోతాడు. రథచక్రం నేలలో దిగబడినవాడి మీద బాణం వేశారే అని. రాబందు గుడ్డు దొరికితే ఎగరవచ్చని ఏదో పాత పుస్తకంలో చదివి, ఆ గుడ్డు కోసం తపించిపోతాడు. పొదలు, తీగలు, అడవి పళ్లు, ఎండ పడే తీరు పేజీలకు పేజీలు సాగుతాయి. కొందరికి విసుగు రావచ్చు. నాకు మాత్రం మా అమ్మమ్మ వాళ్ల ఊరి తోట వాసన వచ్చేది. రెండు గంటల సినిమాలో ఇదంతా పట్టదు. అది రాయ్ తప్పు కాదు.

అయినా నేను చివరికి నవల వైపే ఒరిగింది రైలు వల్ల. సినిమాలో రెల్లుపూల మధ్య అక్కాతమ్ముళ్లు రైలు కోసం పరుగెత్తే దృశ్యం అందరికీ తెలిసిందే. దాని కోసం రాయ్ మరుసటి ఏడాది దాకా ఆగాల్సి వచ్చింది. మొదటిసారి కొంత తీసి వారం తర్వాత వెళ్తే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. ఆ పొగ, ఆ తెల్లపూలు, ఆ చప్పుడు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. కానీ నవలలో దుర్గకు రైలు చూసే రాత లేదు. ఒకసారి ఇద్దరూ రైలు పట్టాలు వెతుక్కుంటూ పరుగెత్తి, దారి తప్పి ఇంటికొస్తారు. తర్వాత జ్వరంలో పడుకుని, "నాకు నయమయ్యాక ఒకరోజు రైలు చూపిస్తావా?" అని తమ్ముణ్ణి అడుగుతుంది.

సినిమా ఎడ్లబండి మీద ఊరు వదలడంతో ముగుస్తుంది. నవలలో వాళ్లు రైలెక్కుతారు. అపూకు అక్క నేరేడు చెట్టు కింద నిలబడి, దిగులు మొహంతో ఆ రైలు వంకే చూస్తున్నట్టు అనిపిస్తుంది.

పిల్లకు నవలే పంపించాను. సినిమా సంక్రాంతికి వచ్చినప్పుడు కలిసి చూద్దామని చెప్పాను.