ఓకేక్యూపిడ్ సమీక్ష: మతం వేరైనప్పుడు ఆ శాతాలను ఎంతవరకు నమ్మవచ్చు

విదేశంలో ఉంటూ తనది కాని మతానికో సంస్కృతికో చెందిన వ్యక్తితో పరిచయం పెంచుకోవాలనుకునేవారికి ఏ డేటింగ్ యాప్ పనికివస్తుందని ఎవరైనా అడిగితే, నేను ముందుగా ఓకేక్యూపిడ్ పేరే చెబుతాను. ఆ వెంటనే ఒక హెచ్చరిక కూడా చేస్తాను. ఈ సేవ ఇద్దరి అభిప్రాయాలను ఓపికగా పక్కపక్కన పెట్టి పోల్చి చూపుతుంది గానీ, ఆ ఇద్దరి వెనుక ఉన్న కుటుంబాలను, మతసంస్థలను, చట్టాలను లెక్కలోకి తీసుకోదు. నేను చూసినంతలో మతాంతర పరిచయాలు పెళ్లిదాకా వెళ్లకుండా ఆగిపోయేది ఎక్కువగా వాటి దగ్గరే. అందువల్ల ఈ యాప్ చూపించే శాతాలను, అంటే ఇద్దరి జవాబులు ఒకరికొకరికి ఎంత సమ్మతమో చెప్పే అంకెలను, ఎక్కడ నమ్మాలో, ఎక్కడ పక్కన పెట్టాలో కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

హార్వర్డ్‌లో చదువుకున్న నలుగురు మిత్రులు 2004లో ఓకేక్యూపిడ్‌ను ప్రారంభించారు. 2011లో అది మ్యాచ్ అనే డేటింగ్ సంస్థ చేతికి వెళ్లింది. ఫొటో చూసి వేలితో పక్కకు జరిపే పద్ధతి ఇప్పుడు ఇందులోనూ ఉన్నప్పటికీ, దీని అసలు బలం ప్రశ్నావళిలో ఉంది. ఒక్కో ప్రశ్నకు మూడు సంగతులు చెప్పాలి: మీ జవాబు ఏమిటి, అవతలి వ్యక్తి ఏయే జవాబులు ఇస్తే మీకు సమ్మతం, ఆ ప్రశ్న మీకు ఎంత ముఖ్యం. మతం వేరైనవారికి ఈ మూడింటిలో రెండోది చాలా విలువైనది. తాను ప్రతిరోజూ ప్రార్థన చేసే మనిషి అయి ఉండి, ఎన్నడూ చేయని మనిషితో జీవించడానికి అభ్యంతరం లేనివారు లోకంలో ఎందరో ఉన్నారు. ప్రొఫైల్‌లో మతం పేరు రాసే ఒక్క గడి మాత్రమే ఉన్న చోట వారు ఆ మాట చెప్పుకోలేరు. ఇక్కడ తన నమ్మకాన్నీ, ఎదుటివారి విషయంలో తన సహనాన్నీ విడివిడిగా చెప్పవచ్చు.

శాతాన్ని లెక్కించే తీరులో కూడా కొంత న్యాయం ఉంది. మొదటివారి జవాబులు రెండోవారికి ఎంత సమ్మతమో, రెండోవారివి మొదటివారికి ఎంత సమ్మతమో వేర్వేరుగా లెక్కించి, ఆ రెంటికీ మామూలు సగటు కాక గుణమధ్యమం (రెంటినీ గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం) తీస్తామని సంస్థ తొలినాళ్లలోనే వివరించింది. ఒకరికి 100 శాతం, మరొకరికి 25 శాతం సమ్మతి ఉన్నదనుకుంటే, మామూలు సగటు 62.5 వస్తుంది, గుణమధ్యమం 50 దగ్గరే ఆగుతుంది. ఒక్కరే సర్దుకుపోవలసిన జోడీని ఈ లెక్క కిందికి దించి చూపుతుందన్నమాట. మతాలు వేరైన ఇద్దరిలో ఒకరే పండుగలూ అలవాట్లూ చివరికి పేరు కూడా వదులుకోవలసి రావడం అరుదు కాదు కాబట్టి, ఈ దించివేత నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

అదే వివరణలో మరొక సంగతి ఉంది, అది జాగ్రత్తగా ఉండవలసినది. ప్రశ్న కొంచెం ముఖ్యమైతే 1, ఒక మాదిరిగా ముఖ్యమైతే 10, చాలా ముఖ్యమైతే 50, తప్పనిసరి అయితే 250 పాయింట్లు వేసేవారు. మతానికి సంబంధించిన ఒక్క ప్రశ్నను తప్పనిసరి అని గుర్తుపెడితే, కొంచెం ముఖ్యమైన 250 ప్రశ్నల బరువు దానికి వచ్చేదన్నమాట. శ్రేణుల పేర్లు ఎలా మారినా ఈ స్వభావం గుర్తుంచుకోదగినది. మతాంతర పరిచయానికి నిజంగా సిద్ధపడి వచ్చినవారు కూడా అలవాటుకొద్దీ దేవుడి ప్రశ్నలన్నిటికీ పై శ్రేణి పెట్టేసి, ఆ తరువాత తమ మతంవారే కనిపిస్తున్నారని ఆశ్చర్యపోతుంటారు.

పాత ప్రొఫైళ్లలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉండేది. మతం పేరు పక్కన, దాన్ని ఎంత పట్టుదలతో పాటిస్తారో కూడా ఎంచుకునే వీలుండేది: చాలా గట్టిగా, కొంతవరకు, అంతగా కాదు, చివరికి దాని గురించి నవ్వుకుంటాను అనే వరకు. ఒకే మతంలో పుట్టిన గట్టి విశ్వాసికీ, నవ్వుకునేవాడికీ మధ్య ఉన్న దూరం, వేర్వేరు మతాలలోని ఇద్దరు నెమ్మదస్తుల మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువ కావచ్చునని గుర్తించిన ఏర్పాటు అది.

మిగిలిన సేవలతో పోల్చి చూస్తే దీని స్థానం స్పష్టమవుతుంది. హింజ్‌లో మతాన్ని, జాతినేపథ్యాన్ని ఎంపికలుగా పెట్టుకుని, వాటిని డీల్‌బ్రేకర్‌గా మార్చవచ్చు. అంటే వద్దనుకున్నవారు కనిపించకుండా పోతారు. అది వడపోతకు పనికివస్తుంది, అవగాహనకు పనికిరాదు. 1997 నుంచి ఉన్న జేడేట్ యూదుల కోసం, మజ్‌మ్యాచ్ పేరుతో మొదలైన మజ్ ముస్లింల కోసం ఏర్పడినవి. సొంత మతంలోనే వెతుక్కునేవారికి అవి చాలు. అయితే మజ్‌లో ఉన్న ఒక సదుపాయం గురించి చెప్పకుండా ఉండలేను. అక్కడ కావాలనుకున్నవారు తమ సంరక్షకుణ్ణి సంభాషణకు సాక్షిగా చేర్చుకోవచ్చు. ఆ ఆలోచన అందరికీ రుచించకపోవచ్చు, నాకూ రుచించదు. కానీ కుటుంబం అనేది ఒకటి ఉందని, దానికి ఈ వ్యవహారంలో ఒక కుర్చీ వేయాలని ఆ యాప్ ఒప్పుకున్నది. ఓకేక్యూపిడ్ మాత్రం ప్రపంచంలో ఇద్దరే ఉన్నట్లు ప్రవర్తిస్తుంది.

విదేశంలో ఉన్నవారి విషయంలో ఈ లోపం మరింత పెద్దది. ఇల్లు దూరమైనప్పుడు మనిషి ఇచ్చే జవాబు ఆ దూరం నుంచి ఇచ్చిన జవాబు. మతం మీకు ఎంత ముఖ్యమన్న ప్రశ్నకు అంతగా కాదని రాసినవారు అబద్ధమాడటం లేదు. గుడికో చర్చికో మసీదుకో తీసుకువెళ్లేవారు పక్కన లేని చోట, పండుగ రోజు కూడా ఆఫీసుకు వెళ్లివచ్చే చోట, వారికి అది నిజంగానే ముఖ్యం కాదు. తండ్రికి జబ్బు చేసినప్పుడు, తోబుట్టువు పెళ్లికి వెళ్లవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా బిడ్డ పుట్టినప్పుడు అదే మనిషి జవాబు మారిపోవచ్చు. ఇందుకు వ్యతిరేకంగా జరగడం కూడా చూశాను: సొంత ఊళ్లో ఎప్పుడూ ప్రార్థనకు వెళ్లనివారు విదేశానికి వచ్చాక ఒంటరితనం వల్ల, తమ భాష వినబడుతుందన్న ఆశ వల్ల ప్రార్థనామందిరానికి దగ్గరవుతారు. నాకు తెలిసిన ఒక జంటకు ఈ యాప్‌లో కనిపించిన శాతం చాలా ఎక్కువ. దేవుడు, రాజకీయాలు, డబ్బు, పిల్లలు అన్నిటిలోనూ ఒకే మాట. వారిద్దరూ విభేదించినది ఒక్క విషయంలోనే. తమ సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్నదే ఆ విషయం. ఒకరికి అది మొదటి నెలల్లో జరగవలసిన పని, మరొకరికి పెళ్లి తేదీ నిర్ణయమయ్యాక చేయవలసిన పని. వారు విడిపోయారు.

మతసంస్థల నియమాలు కూడా ప్రొఫైల్‌లో కనిపించవు. కాథలిక్ చర్చి 1983 ధర్మశాస్త్రం ప్రకారం, బాప్తిస్మం పొందని వ్యక్తిని కాథలిక్కులు చర్చి దృష్టిలో చెల్లుబాటయ్యేలా వివాహమాడాలంటే ప్రత్యేక మినహాయింపు కావాలి. పుట్టే పిల్లలందరికీ బాప్తిస్మం ఇప్పించి కాథలిక్కులుగా పెంచడానికి తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని కాథలిక్ వ్యక్తి మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చిన సంగతి అవతలివారికి తెలియాలి. సంప్రదాయ ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ముస్లిం పురుషుడు క్రైస్తవ, యూదు స్త్రీలను వివాహమాడవచ్చు గానీ ముస్లిం స్త్రీకి ఆ వెసులుబాటు లేదు; ముస్లిం స్త్రీలు ముస్లిమేతరులను పెళ్లాడకుండా ఉన్న ఆంక్షను ట్యునీషియా ప్రభుత్వం 2017లో ఎత్తివేసింది. లెబనాన్‌లో, ఇజ్రాయెల్‌లో దేశం లోపల పౌర వివాహం జరిపించుకునే వీలు లేకపోవడం వల్ల మతాలు వేరైన జంటలు సైప్రస్‌కు వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగి వస్తుంటాయి. ఇటువంటివన్నీ డేటింగ్ యాప్ చెప్పాలని కోరడం అత్యాశే కావచ్చు. కానీ వేలకొద్దీ ప్రశ్నలున్న సేవలో పెళ్లికి మీరు మతం మారతారా, మారమని అడుగుతారా అన్న ప్రశ్నను మొదటి పుటలోనే ఉంచడం అసాధ్యమేమీ కాదు. గది చిందరవందరగా ఉంచే మనిషితో ఉండగలరా అన్నది ఈ సేవలో బాగా పేరుపడిన ప్రశ్న. గది సర్దుకోవచ్చు.

ఇక శాతాల శాస్త్రీయత మాటకు వస్తే, సంస్థ స్వయంగా బయటపెట్టిన వివరాలే జాగ్రత్త నేర్పుతాయి. 2014లో సహవ్యవస్థాపకుడు క్రిస్టియన్ రడ్డర్ ఒక ప్రయోగం సంగతి వెల్లడించారు: నిజానికి 30 శాతం మాత్రమే పొత్తు కుదిరినవారికి 90 శాతం అని చూపితే, వారి మధ్య సంభాషణలు పెరిగాయి. అంటే అంకె చూసి మనసు కొంత అటు మొగ్గుతుంది. వాడుకరులకు ముందుగా చెప్పకుండా ఈ పని చేసినందుకు విమర్శలు వచ్చాయి, రావలసినవే. అంతకు ముందు 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలీ ఫింకెల్, ఆయన సహ పరిశోధకులు ఆన్‌లైన్ డేటింగ్‌పై జరిపిన విస్తృత సమీక్షలో, ఇటువంటి జోడింపు సూత్రాలు మామూలు పద్ధతుల కన్నా మెరుగైనవనడానికి బలమైన ఆధారం లేదని తేల్చారు. మరొక సంగతి ఇంకా సూటిగా మన విషయానికి చెందినది. 2009 నుంచి 2014 వరకు సేకరించిన వివరాలను రడ్డర్ పోల్చినప్పుడు, జాతి గురించి వాడుకరులు చెప్పే అభిప్రాయాలు ఉదారంగా మారుతూ వచ్చినా, ఎవరి ప్రొఫైళ్లను మెచ్చుకుంటున్నారన్న ప్రవర్తన దాదాపు మారలేదని తేలింది. ఇతర సంస్కృతులంటే నాకు ఎంతో ఇష్టమని ప్రొఫైల్‌లో రాసుకున్నవారి మాటను ఆ కొలతతోనే చూడటం మంచిది.

మరి ఇన్ని లోపాలున్న సేవను ఎందుకు సిఫార్సు చేస్తున్నానంటే, జవాబుల కింద వివరణ రాసుకునే వీలు ఒక్కటే చాలు. మతం ముఖ్యం కాదని జవాబిచ్చిన ఒక వ్యక్తి, దాని కింద, తన తల్లిదండ్రుల అంత్యక్రియలు మాత్రం వారి పద్ధతిలోనే జరిపిస్తానని, ఆ రోజు పక్కన నిలబడగలిగిన మనిషి కావాలని రాయడం నేను చదివాను. ఆ రెండు వాక్యాలు ఏ శాతమూ చెప్పలేని సంగతి చెప్పాయి. ముఖాముఖి పరిచయంలో అంతటి మాట బయటికి రావడానికి ఎంతో కాలం పట్టవచ్చు. ఇద్దరూ జవాబిచ్చిన ప్రశ్నలలో ఎక్కడ పొత్తు కుదరలేదో యాప్ విడిగా చూపుతుంది. నేనైతే ముందుగా ఆ విభేదాలనే చదువుతాను. మొత్తం శాతం ఎక్కువగా ఉండి, విభేదాలన్నీ పిల్లల పెంపకం దగ్గరే కనిపిస్తే అది తక్కువ శాతం కన్నా పెద్ద చిక్కు.

వీసా గడువు గురించి, ఈ దేశంలో ఎంతకాలం ఉంటారన్న దాని గురించి ప్రొఫైల్‌లో ప్రత్యేకమైన గడి లేదు. మాట్లాడే భాషలకు గడి ఉంది. మొదటిదాన్ని స్వపరిచయంలో సొంత మాటల్లో రాసుకోవడం మేలు, ఎందుకంటే రెండేళ్లలో వెళ్లిపోయే మనిషికీ స్థిరపడదలచిన మనిషికీ మధ్య మతం ప్రస్తావన వచ్చేలోపే ఆ ప్రస్తావన రావాలి.

గోప్యత విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడటం కుదరదు. 2016లో డెన్మార్క్‌కు చెందిన కొందరు పరిశోధకులు దాదాపు 70,000 మంది ఓకేక్యూపిడ్ వాడుకరుల వివరాలను, వారి జవాబులతో సహా, అనుమతి లేకుండా సేకరించి బహిరంగంగా ఉంచారు. 2020 జనవరిలో నార్వే వినియోగదారుల మండలి ప్రచురించిన నివేదిక, ఈ యాప్‌తో సహా కొన్ని డేటింగ్ యాప్‌ల నుంచి సున్నితమైన వ్యక్తిగత సమాచారం ఇతర సంస్థలకు చేరుతున్నదని చూపింది. మతం వదిలివేసిన సంగతి, వేరే మతంవారిని వెతుకుతున్న సంగతి కుటుంబానికి తెలిస్తే ప్రమాదంలో పడేవారు ఉన్నారు; సొంత ఊరివారంతా ఒకరికొకరు తెలిసిన చిన్న ప్రవాస సమాజాలలో ఒక్క స్క్రీన్‌షాట్ చాలు. ప్రతి జవాబునూ ఇతరులకు కనబడకుండా ఉంచుకునే వీలు ఉంది, మతం ప్రశ్నలకు దాన్ని వాడండి. కనబడకుండా పెట్టిన జవాబు కూడా సంస్థ దగ్గర ఉంటుందన్నది మరువకూడదు. అటువంటి ప్రమాదం ఉన్నవారు మతం ప్రశ్నలన్నిటినీ దాటవేసి, ఆ సంభాషణను నేరుగా కలిసినప్పటికి అట్టిపెట్టుకోవడమే నా సలహా.

డబ్బు కట్టి తీసుకునే స్థాయిల వల్ల మతాంతర పరిచయాలకు ప్రత్యేకంగా ఒరిగేదేమీ నాకు కనిపించలేదు. ప్రశ్నలు ఉచితంగానే ఉన్నాయి. తక్కువ జనాభా ఉన్న పట్టణంలో ఉన్నవారికి ఈ యాప్‌లో మనుషులే తక్కువగా కనిపించవచ్చు, వారికి హింజ్ వంటిది అదనంగా అవసరమవుతుంది. పెద్ద నగరంలో ఉండి, రాయడానికి బద్ధకించని మనిషికి మాత్రం ఓకేక్యూపిడ్ తగినది. మొదటి వారంలోనే తక్కువ ప్రశ్నలకు జవాబులిచ్చి శాతాలు చూడకండి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న జవాబులు కొన్నే అయినప్పుడు ఆ అంకెకు పెద్దగా అర్థం ఉండదు. దేవుడి ప్రశ్నలను మధ్య శ్రేణిలో ఉంచి, పిల్లలు, తల్లిదండ్రులు, మతం మార్పిడి ప్రశ్నలను పై శ్రేణిలో పెట్టండి. ఆ పైన, పొత్తు కుదరని జవాబుల జాబితాను మొదటి సమావేశానికి ముందే ఇద్దరూ చదువుకుని వెళ్లండి.