గుర్రపు ఫ్లూ వైరస్: హెచ్‌ఏ1 ఒక్కటి చదివితే చాలా, ఎనిమిది సెగ్మెంట్లూ చదవాలా?

పీసీఆర్‌లో (జన్యుపదార్థాన్ని నకళ్లు తీసి పెంచే పరీక్షలో) గుర్రపు ఫ్లూ రకమైన హెచ్‌3ఎన్‌8 పాజిటివ్ అని తేలిన స్వాబ్ ఉందనుకుందాం. ఈ వైరస్ జన్యురాశి ఎనిమిది ముక్కలుగా ఉంటుంది, వాటినే సెగ్మెంట్లు అంటారు. ముందు మూడు దారులున్నాయి. పాతకాలపు శాంగర్ పద్ధతిలో హెచ్‌ఏ1 (వైరస్ కణాన్ని పట్టుకునే హెచ్‌ఏ ప్రోటీన్ మొదటి భాగం) మాత్రం చదవొచ్చు, పొడవైన ముక్కలు చదివే నానోపోర్ యంత్రం మీద ఎనిమిది సెగ్మెంట్లూ చదవొచ్చు, లేదంటే ఆ ఎనిమిదింటినే చిన్న ముక్కలుగా చదివే ఇల్యుమినా యంత్రం మీద లోతుగా, అంటే చాలాసార్లు, చదవొచ్చు. వీటిలో ఏది ఎంచుకోవాలో రెండు సంగతులు చెబుతాయి: మనకు కావలసిన జవాబేమిటి, స్వాబ్‌లో వైరస్ ఎంత ఉంది.

రెండోదాన్నే ముందు చూడాలి. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లో ముక్కు లోతు నుంచి తీసిన స్వాబ్‌లో సీటీ విలువ (వైరస్ కనబడటానికి పట్టిన పీసీఆర్ సైకిళ్ల సంఖ్య, అది తక్కువైతే వైరస్ ఎక్కువ) ఇరవైల్లో ఉంటే ఏ పద్ధతైనా నడుస్తుంది. టీకా పడిన గుర్రం వైరస్‌ను తక్కువగా, కొద్ది రోజులే విడుస్తుంది. సీటీ 30 దాటిందంటే పొడవైన సెగ్మెంట్లు పూర్తిగా రావడం కష్టం. అలాంటి స్వాబ్‌లో హెచ్‌ఏ1ను రెండు మూడు చిన్న ముక్కలుగా పెంచి శాంగర్‌కు పంపడమే తెలివైన పని. వైరస్ చాలడం లేదని కోడిగుడ్లలో పెంచి చదవడం చివరి దారి మాత్రమే. గుడ్డుకు అలవాటుపడే క్రమంలో హెచ్‌ఏలోనే, అదీ కణాన్ని పట్టుకునే చోటు చుట్టూ, మార్పులు వస్తాయి. వాటిని గుర్రంలో పుట్టిన మార్పులుగా పొరబడతాం.

ఇక ప్రశ్న సంగతి. ‘ఇప్పుడున్న టీకా ఈ వైరస్‌కు సరిపోతుందా?’ అన్నదే అడుగుతుంటే హెచ్‌ఏ1 చాలు. టీకాలో ఫ్లోరిడా క్లేడ్ 1, క్లేడ్ 2 అనే రెండు వైరస్ శాఖల ప్రతినిధులూ ఉండాలని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది, మన వైరస్ ఏ శాఖదో హెచ్‌ఏ1 చెబుతుంది. చదవాల్సింది దాదాపు వెయ్యి జన్యు అక్షరాలే. రెండు చివరల నుంచి చదివితే మధ్యలో రెండు రీడ్లు (ఒక్కో విడతలో చదివిన వరసలు) ఒకదానిమీద ఒకటి పడతాయి. ప్రైమర్ (నకలు మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) పక్కనున్న 30–50 అక్షరాలు మసకగా వస్తాయి కాబట్టి ముఖ్యమైన స్థానాలకు దూరంగా ప్రైమర్ పెట్టాలి.

క్లేడ్ 2లో బాగా తెలిసిన 144వ అమైనో ఆమ్ల స్థానాన్నే తీసుకోండి. దాని కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల్లో) మధ్య అక్షరం సి అయితే అలనైన్, టి అయితే వాలైన్. క్రోమాటోగ్రామ్‌లో (శాంగర్ రీడ్ గ్రాఫ్‌లో) అక్కడ సి తాలూకు నీలి శిఖరం కింద టి తాలూకు పొట్టి ఎర్ర శిఖరం కనబడితే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోకుండా సి అని రాసేస్తుంది. రెండో వైపు రీడ్‌లోనూ అదే ఉంటే ఒక గుర్రంలోనే రెండు రకాలు కలిసి ఉండొచ్చు. అయితే మైనారిటీ రకం 15–20 శాతం కన్నా తక్కువుంటే శాంగర్‌కు అది కనిపించదు. లెక్కపెట్టడంలోనూ ఒక ఉచ్చు ఉంది. మొదటి మెథియోనైన్ నుంచి లెక్కిస్తే ఈ స్థానం 159 అవుతుంది, ఎందుకంటే ముందున్న 15 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్ తర్వాత తెగిపోతుంది. నివేదికలో ఏ లెక్క వాడారో రాయకపోతే చదివేవారు తప్పుదారి పడతారు.

‘ఈ శాలకు వ్యాధి ఏ శాల నుంచి వచ్చింది?’ అని అడిగితే మాత్రం హెచ్‌ఏ1 చేతులెత్తేస్తుంది. ఏడాదికి ఒక్కో స్థానానికి సుమారు వెయ్యో వంతు మార్పు అని లెక్క వేస్తే వెయ్యి అక్షరాల్లో ఏడాదికి ఒకటో రెండో మారతాయి. రెండు వారాల తేడాతో తీసిన స్వాబ్‌లలో క్రమం అచ్చంగా ఒకేలా ఉంటుంది. మొత్తం జన్యురాశి దాదాపు 13,600 అక్షరాలు కనుక నెలకో మార్పైనా దొరుకుతుంది. పైగా సెగ్మెంట్లు రెండు వైరస్‌ల మధ్య కలగలిసిపోతే హెచ్‌ఏ ఆ సంగతి చెప్పదు. 2004లో ఫ్లోరిడాలో గ్రేహౌండ్ కుక్కలకు ఈ ఫ్లూ సోకినప్పుడు ఎనిమిది సెగ్మెంట్లూ చదివాకే వైరస్ మొత్తంగా గుర్రం నుంచి దూకిందని తేల్చగలిగారు.

ఎనిమిదింటినీ ఒకే ట్యూబులో పెంచడానికి అన్ని సెగ్మెంట్ల కొసల్లోనూ ఉమ్మడిగా ఉండే 12, 13 అక్షరాలకు అతుక్కునే ప్రైమర్లు వాడతారు. మొదటి 5 సైకిళ్లు 45 డిగ్రీల దగ్గర అతకనిచ్చి, తర్వాతి 30 చిల్లర సైకిళ్లు 57 దగ్గర నడుపుతారు. ఫలితాన్ని జెల్ మీద చూడకుండా యంత్రంలో పెట్టొద్దు. కింద చిన్న సెగ్మెంట్లైన ఎం, ఎన్‌ఎస్ పట్టీలు మెరుస్తూ, పైన 2.3 కిలోబేసుల (2,300 అక్షరాల) దగ్గర ఏమీ లేకపోతే పొడవైన పీబీ2, పీబీ1, పీఏ సెగ్మెంట్లు చేజారినట్టే. చిన్నవి పీసీఆర్‌లో ముందు పరిగెత్తి సరుకంతా తినేస్తాయి. పొడిగింపు సమయం పెంచడం, తక్కువ సైకిళ్లతో రెండు ట్యూబుల్లో చేసి కలపడం కొంత పనిచేస్తాయి. కొసల్లో ప్రైమర్ అతికిన అక్షరాలు మనం పోసినవే, వైరస్‌వి కావు. వాటిని కత్తిరించాకే పోల్చాలి.

నానోపోర్‌కు వేగం బలం. ఒక్క రీడ్‌లోనే సెగ్మెంట్ మొత్తం వచ్చేస్తుంది కాబట్టి మధ్యభాగం ఊడిన లోపభూయిష్ట ముక్కలు ఇట్టే బయటపడతాయి. ఒకే అక్షరం వరసగా వచ్చే చోట లెక్క తప్పడం దాని బలహీనత. ఆర్10 అనే కొత్త తరం నానోపోర్ కెమిస్ట్రీ వచ్చాక తగ్గింది గాని పోలేదు. పీబీ1లో ఒక ఏ తగ్గి ప్రోటీన్ మధ్యలో ఆగిపోయినట్టు కనిపిస్తే దాన్ని కొత్త మ్యుటేషన్‌గా ప్రకటించకండి, ఆ చోటును శాంగర్‌తో సరిచూడండి. వ్యాప్తి నడుస్తుండగా జవాబు కావాలంటే మాత్రం దీనికే నా ఓటు.

ఒకే గుర్రంలో ఒకటి రెండు శాతం ఉన్న రకాలను వెతకాలంటే ఇల్యుమినాయే కావాలి. అయినా లోతు సంఖ్య (ఒక్కో స్థానం మీద పడిన రీడ్ల లెక్క) చూసి మోసపోవద్దు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌లోకి (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే మెట్టులోకి, క్లుప్తంగా ఆర్‌టీ) వెళ్లినవి 50 జన్యురాశులే అయితే పదివేల రీడ్లు వచ్చినా అవి ఆ యాభైకి నకళ్లే. అందుకే ఒకే ఆర్‌ఎన్‌ఏ నుంచి రెండుసార్లు విడివిడిగా ఆర్‌టీ-పీసీఆర్ చేసి, రెండింటిలోనూ కనిపించిన మార్పునే లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి ప్లేట్‌లో నీళ్ల కంట్రోల్ ఒకటి సీక్వెన్సింగ్ దాకా వెళ్లాలి. ఆ కంట్రోల్ బార్‌కోడ్ (ఏ రీడ్ ఏ నమూనాదో తెలిపే గుర్తు) కింద ఎం సెగ్మెంట్ రీడ్లు పోగుపడితే నమూనాలు కలుషితమైనట్టే, అప్పుడు ఆ ప్లేట్‌లోని మైనారిటీ రకాలన్నీ పక్కనపెట్టి ఆర్‌ఎన్‌ఏ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.