డెబియన్ 13, లినక్స్ మింట్ 22: తెలుగులో రాసేవారికి ఏది మేలు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినప్పటి నుంచి విశాఖపట్నంలో నాకు తెలిసినవారు చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. వీరిలో డాబాగార్డెన్స్‌లో డీటీపీ పని చేసేవారున్నారు, ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చుని పత్రికలకు రాసేవారున్నారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథాన్ని సొంతంగా టైపు చేసుకుంటున్న పరిశోధక విద్యార్థులూ ఉన్నారు. వీరి కంప్యూటర్లు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నా, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోవడం వల్లనో ప్రాసెసర్ పాతది కావడం వల్లనో వాటిలో విండోస్ 11 వేసుకునే వీలు లేదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారాలని నిశ్చయించుకున్నాక, దాని రకాల్లో 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వేసుకోవాలా, అందరూ చెప్పే లినక్స్ మింట్ 22 వేసుకోవాలా అన్న దగ్గర ఆగిపోతున్నారు.

రెండింటిలోనూ తెలుగు అక్షరాలు సరిగానే కనిపిస్తాయి, ఒత్తులు విడిపోవు. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లే కాక మండలి, రామభద్ర, సూరన్న వంటివి కూడా రెండింటి సాఫ్ట్‌వేర్ భాండాగారాల్లోనూ దొరుకుతాయి. అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ తెలుగు నిఘంటువు కూడా అంతే. కాబట్టి ఫాంట్ల కోసం ఒకదాన్ని వదిలి మరొకదాన్ని ఎంచుకోవలసిన అవసరం లేదు.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది టైపింగు. రోజంతా తెలుగు, ఇంగ్లీషుల మధ్య మారుతూ రాసేవారికి ఆ మార్పు ఎంత సాఫీగా జరుగుతుందన్నదే ముఖ్యం. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవారికి ఇక్కడ ఏ చిక్కూ లేదు, ఎందుకంటే ఆ కీబోర్డు వ్యవస్థలోనే ముందుగా ఉంటుంది కనుక రెండింటిలోనూ ఒకేలా పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు పలుకును కొట్టే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులకు అలవాటు పడ్డవారే. వీరికి ఐబస్ అనే ఇన్‌పుట్ వ్యవస్థ, దానితోపాటు ఈ టైపింగు పద్ధతులను అందించే ఎం17ఎన్ ప్యాకేజీ కావాలి.

డెబియన్ 13తో వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్ 48లో ఐబస్ డెస్క్‌టాప్‌లోనే కలిసిపోయి ఉంటుంది. ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీని చేర్చి, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాక, సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో తెలుగు ఐట్రాన్స్‌ను జోడిస్తే సరిపోతుంది. ఆపై సూపర్ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది, ఏ భాషలో ఉన్నామో పై పట్టీలో కనిపిస్తుంది. అక్కడే ప్రతి విండోకూ విడిగా కీబోర్డును గుర్తుంచుకునే ఐచ్ఛికం కూడా ఉంది. దాన్ని ఎంచుకుంటే లిబ్రేఆఫీస్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లీషు దేనికది నిలిచి ఉంటాయి. వ్యాసం మధ్యలో ఏదో వెతకడానికి బ్రౌజర్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేవారికి ఈ ఒక్క సదుపాయం ఎంత చిరాకు తప్పిస్తుందో వాడి చూస్తేనే తెలుస్తుంది.

మింట్ 22.2 వరకు సినమన్ డెస్క్‌టాప్‌లో కీబోర్డు మార్చే గుర్తు ఒకటి, ఐబస్ గుర్తు మరొకటిగా ఉండేవి. ఇన్‌పుట్ మెథడ్ అనే వేరే ఉపకరణంలో ఐబస్‌ను ఎంచుకుని, దాని ప్రాధాన్యతల్లో తెలుగును చేర్చాల్సి వచ్చేది. ఒకసారి కుదిరాక బాగానే నడిచేది, కానీ ఏ గుర్తును చూడాలో కొత్తవారికి చాలాకాలం అయోమయంగానే ఉండేది. 2026 జనవరిలో వచ్చిన 22.3లో ఈ రెండింటినీ ఒకేచోటికి తెచ్చారు.

అయితే మింట్‌కు అనుకూలమైన మాట కూడా చెప్పాలి. మింట్ ఇప్పటికీ మామూలుగా, తెరపై విండోలను చూపే పాత ఎక్స్11 పద్ధతి మీదే నడుస్తుంది. డెబియన్‌లో గ్నోమ్ మామూలుగా దాని స్థానంలో వచ్చిన కొత్త వేలాండ్ పద్ధతి మీద మొదలవుతుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లకు దీనితో ఇబ్బంది లేకపోయినా, క్రోమియం పునాదిపై తయారైన కొన్ని యాప్‌లు వేలాండ్‌లో ఐబస్‌ను తమంతట తాము పట్టించుకోకపోవచ్చు. పని అంతా అలాంటి ఒక యాప్‌లోనే జరిగేవారు మింట్‌ను ఎంచుకోవడం సబబే. వీడియో కోడెక్‌లు, డ్రైవర్లు తేలికగా అమరడం, టైమ్‌షిఫ్ట్‌తో నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లగలగడం కూడా దాని బలాలు.

కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉంటే గ్నోమ్ భారమవుతుంది. ఇక్కడ డెబియన్ 13లో వచ్చిన ఒక మార్పును గమనించాలి. ఇప్పుడు తాత్కాలిక ఫైళ్లు దాచే టీఎంపీ ఫోల్డర్ డిస్కు మీద కాక ర్యామ్‌లో ఉంటుంది, మొత్తం ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెద్ద పీడీఎఫ్‌లు తయారుచేసేవారికి ఇది ఒక్కసారిగా అడ్డం తిరగవచ్చు. ఈ ఏర్పాటును ఒక ఆదేశంతో ఆపివేయవచ్చు కానీ, అంత తక్కువ ర్యామ్ ఉన్నవారికి నేను తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనే చెబుతాను. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే మాత్రం నా ఎంపిక డెబియన్ 13 గ్నోమే.

మద్దతు విషయంలో పెద్ద తేడా లేదు. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. డెబియన్ 13కు 2028 ఆగస్టు వరకు పూర్తి మద్దతు, ఆపైన 2030 జూన్ వరకు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక) మద్దతు ఉంటాయి. 32 బిట్ల కంప్యూటర్లలో ఈ రెండింటిలో దేన్నీ కొత్తగా వేయలేము.

మరో లినక్స్ రకమైన ఉబుంటు 24.04లోనూ గ్నోమే ఉంది కనుక టైపింగు దాదాపు ఇలాగే ఉంటుంది. ఫెడోరా మంచిదే గానీ ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసే డీటీపీ కేంద్రాలవారు మాత్రం తొందరపడవద్దు. అను యూనికోడ్ కాదు, పేజ్‌మేకర్ లినక్స్‌కు రాలేదు. ఆ పని సాగుతున్నన్నాళ్లూ ఒక విండోస్ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి విడిగా ఉంచుకుని, కొత్తగా చేపట్టే యూనికోడ్ పనులను లినక్స్‌కు తెచ్చుకోవచ్చు.

మిగిలినవారు ఏదైనా డిస్కు మీద వేయడానికి ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, ఐబస్-ఎం17ఎన్‌ను చేర్చుకుని, రోజూ వాడే ప్రతి యాప్‌లోనూ 'రాష్ట్రం', 'విండోస్‌లో' అన్న రెండు మాటలు కొట్టి చూడండి. మొదటిదానిలో ఒత్తులు కుదురుగా పడుతున్నాయా అన్నది తెలుస్తుంది. రెండోదానిలో పొల్లు స-కారం పక్కన 'లో' విడిగా నిలవాలి. అది ఒత్తుగా మారి 'విండోస్లో' అయిపోతుంటే, ఆ యాప్‌లోనో ఆ కీబోర్డు పద్ధతిలోనో అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే కనిపించని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, సరిగా పడడం లేదన్నమాట.