ఆదివారం చరిత్ర బ్యాచ్: చైనా ఆఫీసర్ల పాఠానికే ఫీజు గిట్టింది

హనుమకొండలో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో ప్రపంచ చరిత్ర ఆదివారం బ్యాచ్‌లో చేరాను. నేను పరకాల వైపు పంచాయతీ కార్యదర్శిని, గ్రూప్-1కి చదువుతున్నా.

రాజుల కాలం చైనాలో ఆఫీసర్లను ఎంచే పరీక్షల గురించి సార్ బాగా చెప్పారు. జవాబు పత్రం మీద పేరు మూసేసేవారట. చేతిరాత గుర్తుపట్టకుండా గుమాస్తాలు మొత్తం ఎర్ర సిరాతో తిరగరాసేవారట. తిండి సామాను మోసుకెళ్లి ఇరుకు గదిలో రోజుల తరబడి రాయాలి. 1905లో రద్దయిన ఆ పద్ధతి ముందు మన ఓఎంఆర్ షీటు టెన్షన్ ఏపాటిది!

నాకు బాగా పట్టింది మాత్రం ఉద్యోగం వచ్చాక నడిచే కథ. చైనాను చివరగా ఏలిన చింగ్ రాజవంశం కాలంలో సొంత రాష్ట్రంలో పోస్టింగే ఇవ్వరు. చాలాసార్లు అక్కడి మాట అర్థం కాదు, కింది గుమాస్తాలేమో అంతా లోకల్. పన్ను వసూలు, హత్య కేసు, భూమి తగాదా, అన్నీ కౌంటీ మేజిస్ట్రేట్ (కింది స్థాయి ప్రాంతాన్ని ఏలే ఆఫీసర్) నెత్తినే. సొంత సలహాదారులకు జీతం ఆయనే ఇచ్చుకోవాలి. తండ్రి పోతే పదవి వదిలి 27 నెలలు సంతాపం పాటించాలి. మాకు దినాలకు లీవు దొరకడమే గగనం.

చింగ్ వాళ్లకంటే చాలా ముందే, కవి, ఆఫీసర్ అయిన సు షి 1057లో ఈ పరీక్ష నెగ్గాడు. 1079లో కవితల్లో ప్రభుత్వాన్ని ఎగతాళి చేశాడని అరెస్టయ్యాడు. ఇంత మంచి కథను రెండు ముక్కల్లో తేల్చేయడం నచ్చలేదు. జిరాక్స్ నోట్సు సగం మసకే. వెనక బెంచీలకు మైకు వినపడదు, తొందరగా వెళ్లి ముందు కూర్చోండి. నాలుగు స్టార్లు.