ఆడ బాల్ పైథాన్‌కి అల్ట్రాసౌండ్ చేయించాం: డబ్బులు దండగ కాదు, కానీ కొన్ని లోపాలున్నాయి

ఆడ బాల్ పైథాన్‌ని (ఆఫ్రికాకి చెందిన ఒక చిన్న రకం కొండచిలువ) పెంచుతూ, ఈ ఏడాది జత కట్టించాలా ఇంకో ఏడాది ఆగాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్ల కోసం, పాము గుడ్లకి సిద్ధంగా ఉందో లేదో లోపల చూసి చెప్పే స్కాన్ మీద ఈ రివ్యూ రాస్తున్నాను. మేం డాలస్ పక్కన ఉంటాం. ఇక్కడ పాముల్ని పెంచే తెలుగువాళ్లు తక్కువేం కాదు, ఆర్లింగ్టన్‌లో ఎన్‌ఏఆర్‌బీసీ అనే పాములు, బల్లుల పెంపకందార్ల ప్రదర్శనకి వెళ్తే పక్క వరసలోంచి తెలుగు వినిపిస్తుంది. మేం చూపించింది కుక్కలు, పిల్లులు కాకుండా పాములు, తాబేళ్లు, చిలకల లాంటివాటిని ఎక్కువగా చూసే ఒక ఎగ్జాటిక్ వెట్ క్లినిక్‌లో. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది ఆ క్లినిక్ గురించి కంటే ఆ సర్వీసు గురించి.

మా పాము పేరు మణి. మూడేళ్లు దాటింది, తూకం 1,600 గ్రాముల పైనే ఉంది. బ్రీడర్లు ఎవరిని అడిగినా ఒకటే మాట, మూడేళ్లు, 1,500 గ్రాములు ఉంటే చాలు, మగదాన్ని దాంతో జతకి పెట్టేయండి అని. ఆ లెక్క పూర్తిగా తప్పని నేను అనను, వేల పాముల్ని చూసినవాళ్ల అనుభవం అది, పైగా వంటింటి త్రాసు మీద పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. కానీ ఆ 1,500 గ్రాముల్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది త్రాసు చెప్పదు కదా. వారం వారం పెద్ద ఎలకలు పెట్టి రెండేళ్లకే ఆ తూకానికి తెచ్చిన పాము, నిదానంగా పెరిగి నాలుగో ఏట అక్కడికి చేరిన పాము త్రాసు మీద ఒకటే అంకె చూపిస్తాయి. గుడ్ల భారం మోసే దగ్గర మాత్రం రెండూ ఒకటి కాదు.

ఆ భారం ఎంతో తెలియకే చాలామంది తొందరపడతారని నాకనిపిస్తుంది. బాల్ పైథాన్ ఒక్కో కాన్పులో మామూలుగా నాలుగు నుంచి పది గుడ్ల దాకా పెడుతుంది, ఒక్కో గుడ్డు దాని ఒంటితో పోలిస్తే చాలా పెద్దది. చాలా ఆడపాములు ఫాలికల్స్ (అండాశయంలో గుడ్లుగా మారబోయే అండాల సంచులు) పెరిగే రోజుల్లోనే తిండి మానేస్తాయి. గుడ్లు పెట్టాక తనే చుట్టుకుని పొదిగితే ఇంకో రెండు నెలలు దాదాపు ఏమీ తినదు. అంటే నెలల తరబడి ఒంట్లో ఉన్న నిల్వ మీదే బతకాలి. ఆ నిల్వ లేకుండా జత కట్టిస్తే పాము బాగా చిక్కిపోతుంది, మళ్లీ కోలుకోవడానికి ఏడాది పైనే పట్టొచ్చు. మరీ కొవ్వు పట్టిన పాము అయితే ఇంకో రకం సమస్య, గుడ్డు లోపలే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ, అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

ఇక క్లినిక్ సంగతి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్లో రెండు విషయాలు చెప్పారు, ముందు వారం తిండి పెట్టొద్దు, కుబుసం విడిచే దశలో ఉంటే తేదీ మార్చుకోండి అని. కడుపులో ఎలక ఉన్నా, పాత చర్మం వదులవుతున్నా స్క్రీన్ మీద బొమ్మ సరిగ్గా రాదట. ఈ మాట ముందే చెప్పడం నాకు నచ్చింది.

డాక్టరు గారు మిషన్ ముట్టుకోకుండా ముందు పాముని చేత్తో చూశారు. వెన్ను వెంట వేళ్లు పోనిచ్చి రెండు పక్కలా కండ ఎలా ఉందో చూశారు. వెన్నెముక పైకి పొడుచుకు రాకూడదు, అలాగని వీపు మధ్యలో గాడి పడేంత కొవ్వూ ఉండకూడదు. పాము ముడుచుకున్నప్పుడు చర్మం మీద మడతలు పడుతున్నాయా, తోక మొదట్లో ఉబ్బుగా ఉందా అని చూశారు. నోరు తెరిచి జిగురు ఉందేమో, పొలుసుల సందుల్లో మైట్స్ (రక్తం పీల్చే సన్నటి పురుగులు) ఉన్నాయేమో చూశారు. మేం రాసుకున్న తిండి లెక్కల పుస్తకం అడిగి తీసుకుని పేజీలు తిప్పి మరీ చదివారు. ఇంత ఓపిక నేను ఊహించలేదు.

తర్వాత పొట్ట కింది పొలుసులకి జెల్ రాసి ప్రోబ్ పెట్టారు. ఒంటి పొడవులో సగం దాటాక, తోక వైపుగా ఫాలికల్స్ వరసగా గుండ్రంగా కనిపిస్తాయి. కుడి అండాశయం కాస్త ముందుకి, ఎడమది వెనక్కి ఉంటాయి, అందుకే రెండు చోట్లా చూడాలి. మణికి కనిపించినవన్నీ 10 మిల్లీమీటర్ల లోపే. ఆ సైజు వాటిని ఇంకా నిద్రలో ఉన్నట్టే లెక్క వేస్తారు. 10 దాటి పెరగడం మొదలైతే మగదాన్ని పెట్టే ఆలోచన చేయొచ్చు, 20 దాటితే పని బాగా సాగుతున్నట్టు, ఇంచుమించు 35, 40 దగ్గర అండాలు విడుదలవుతాయి. అప్పుడు ఒంటి మధ్య భాగం ఒక్కసారిగా ఉబ్బి దాదాపు ఒక రోజులో తగ్గిపోతుంది, గమనించకపోతే తప్పిపోతుంది కూడా. ఆ తర్వాత రెండు మూడు వారాలకి కుబుసం విడుస్తుంది, అక్కణ్ణించి సుమారు నెలకి గుడ్లు.

మేం ఇంట్లో చూసిన గుర్తులన్నీ చెప్పాం. తిండి తగ్గించింది, ఎన్‌క్లోజర్‌లో (పాము ఉండే పెట్టెలో) చల్లటి వైపే పడుకుంటోంది, నీళ్ల గిన్నెకి చుట్టుకుంటోంది. ఇవి గుడ్లు కట్టే ఆడపాములు చేసేవే. కానీ చలికాలం వస్తే బాల్ పైథాన్లు ఏ కారణం లేకుండానే నెలల తరబడి తినడం మానేస్తాయి, ఎన్‌క్లోజర్ మరీ వేడిగా ఉన్నా చల్లటి వైపు చేరతాయి, మైట్స్ పట్టినా నీళ్ల దగ్గరే ఉంటాయి. బయటి గుర్తులు రెండు మూడు కారణాలకి సరిపోతున్నప్పుడు లోపల చూడటం తప్ప దారి లేదు, ఈ సర్వీసు విలువంతా నాకు అక్కడే కనిపించింది. డాక్టరు గారి తీర్పు, ఆరోగ్యం బాగుంది, కండ ఇంకొంచెం పట్టాలి, ఈ సీజన్ వదిలేయండి, శరదృతువులో మళ్లీ కొలుద్దాం అని. మాకు కొంచెం నిరాశ కలిగింది, మా ఊళ్లో అమ్మ కూడా ఫోన్లో "దాని కడుపు పండిందా" అనే ముందు అడిగింది. కానీ డబ్బు తీసుకుని "వద్దు" అని సూటిగా చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమనే అనుకుంటున్నాను.

ఇంకో మంచి విషయం, మగదాని జన్యువుల గురించి కూడా అడిగారు. మాకు ఒక ఫ్రెండు తన మగపాముని ఇస్తానన్నారు, అది స్పైడర్ మార్ఫ్, అంటే ఒంటి మీద వేరే రకం చారలు వచ్చేలా ఎంచి పెంచిన రకం. ఆ జన్యువు ఉన్న పాములకి తల వణకడం, మెలితిరిగి తలకిందులవడం లాంటి నరాల సమస్య పుట్టుకతోనే వస్తుంది, దాని పిల్లల్లో సుమారు సగానికి ఆ జన్యువు వస్తుంది. డాక్టరు గారు మమ్మల్ని తప్పుపట్టలేదు, పుట్టిన ప్రతి పిల్లా ఇరవై ముప్పై ఏళ్లు బతకొచ్చు, వాటిని ఎవరి చేతుల్లో పెడతారో ముందే అనుకోండి అన్నారు. స్పైడర్ ఆలోచన మేం అక్కడే వదిలేశాం.

లోపాలూ చెప్పాలి. కన్సల్టేషన్ ఫీజు, స్కాన్ ఫీజు వేరువేరని ఫోన్లో చెప్పలేదు, బిల్లు చూశాకే తెలిసింది. వెయిటింగ్ రూమ్‌లో ఏసీ చలి ఎక్కువ, పక్కనే కుక్కలు, పాముకి అది మంచిది కాదు. మేం దిండు గలీబులో వేసి ముడి కట్టి కూలర్ బాక్సులో తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. స్కాన్ బొమ్మలు మనం అడిగితేనే ఇస్తారు, అదీ కొలతలు రాయకుండా. మళ్లీ వెళ్లినప్పుడు పోల్చుకోవాలంటే ఆ అంకెలే కదా ముఖ్యం, అడిగి రాయించుకున్నాం. చలికాలంలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం, బ్రీడర్లందరూ అప్పుడే వస్తారు. నలభై యాభై పాములు ఉన్నవాళ్లకి ఇది గిట్టుబాటు కాదు, వాళ్లు సొంతంగా చిన్న మిషన్ కొనుక్కుంటారు. ఒకటి రెండు ఆడపాములు ఉన్న మా లాంటి వాళ్లకైతే తప్పకుండా చేయించమనే చెప్తాను. అయిదుకి నాలుగు ఇస్తున్నాను.

ఇండియాలో ఇది చదివేవాళ్లకి ఒక మాట. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, పిల్లలు పుట్టినా తెలపాలి. ఆ కాగితాలు లేకుండా బ్రీడింగ్ జోలికి వెళ్లకండి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఏఆర్‌ఏవీ, అంటే రెప్టైల్ వెట్ల సంఘం, వెబ్‌సైట్లో మీ ఊరికి దగ్గరి డాక్టర్లని వెతకొచ్చు. ఫోన్ చేసినప్పుడు "పాములకి స్కాన్ చేస్తారా" అని మాత్రమే అడక్కండి, ఫాలికల్స్ మిల్లీమీటర్లలో కొలిచి రాసిస్తారా, మొత్తం ఫీజు ఎంత అని అడగండి.