కొత్త సిబ్బందికి భద్రతా పాఠం: హాల్లోనా, ఫోనులోనా, గట్టు మీదా?

కాలువలకు నీళ్ళు వదిలారంటే మా వరి పరిశోధన కేంద్రంలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి: సార్వా నారుమళ్ళు పోయడం, కొత్తవాళ్ళను చేర్చుకోవడం. నియామక పత్రం పట్టుకుని ఒక యువ శాస్త్రవేత్త వస్తారు. వెనకే ఇద్దరు ముగ్గురు రీసెర్చ్ ఫెలోలు, ల్యాబ్ అసిస్టెంట్లు, సీజను పనికి వచ్చే కూలీలు. వీళ్ళకు పని నేర్పడానికి ఎలాగూ ఎవరో ఒకరు ఉంటారు. ఒంటి మీదికి ప్రమాదం తెచ్చుకోకుండా ఆ పని చేయడం ఎలాగో ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి అన్నదే ప్రతి ఏడూ తేలని ప్రశ్న. ఇరవై ఏళ్ళకు పైగా ఈ డెల్టాలో సాంకేతిక సిబ్బందిగా పనిచేస్తూ మూడు పద్ధతులు చూశాను. ఒక రోజంతా హాల్లో కూర్చోబెట్టి చెప్పడం, ఫోనులో ఆన్‌లైన్ కోర్సు చేయించడం, పాత సిబ్బంది వెంట వారం రోజులు తిప్పడం. ముందే చెప్పేస్తాను, నా ఓటు మూడోదానికే. కాని దానికి కొన్ని షరతులున్నాయి, మిగతా రెండింటినీ పూర్తిగా పక్కన పెట్టలేను కూడా.

పచ్చటి మళ్ళ మధ్య ఉద్యోగంలో ప్రమాదమేముంటుందని అడిగేవాళ్ళున్నారు. మార్టేరులో 1925 నుంచి వరి మీద పరిశోధన సాగుతోంది. మన సార్వా మళ్ళను ఏళ్ళ తరబడి ఏలిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982లో అక్కడి నుంచి వచ్చిందే. అలాంటి రకాల గింజల్లో మాంసకృత్తులు ఎంతున్నాయో చూడాలంటే కెల్డాల్ పద్ధతిలో పిండిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సుమారు 400 డిగ్రీల వేడి మీద మరిగించాలి. విత్తనాల గోడౌన్‌లో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టాలి. మడిలో దిగితే మోటారు తీగలు, గట్టు మీద కట్లపాము, బోదెలో ఎలుకలు తిరిగిన నీళ్ళు. ఇదంతా వరి సంగతి. రాజమహేంద్రవరంలోలా పొగాకు మీద పనిచేసేచోట, తడిగా ఉన్న పచ్చాకును ఒట్టి చేతులతో పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి వాంతులు, కళ్ళు తిరగడం పట్టుకుంటాయి. అంబాజీపేటలోలా కొబ్బరి మీద పనిచేసేచోట చెట్టెక్కడమే మొదటి ప్రమాదం. చేపల ప్రయోగశాలల్లో నమూనాలు ముంచి ఉంచే ఫార్మలిన్ క్యాన్సర్ కారకమని తేలిన రసాయనం. ఒక కేంద్రంలో పనికొచ్చిన పాఠాన్ని మరో కేంద్రానికి అలాగే అప్పజెప్పలేం.

హాలు శిక్షణతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువచోట్ల జరిగేది అదే. దానికున్న మేలు చిన్నది కాదు. అందరూ ఒకే మాట వింటారు. పైఅధికారి స్వయంగా వచ్చి కూర్చుంటే సంస్థ దీన్ని లెక్కలోకి తీసుకుంటోందని కొత్తవాళ్ళకు తెలుస్తుంది. ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి, సెలవు, వైద్య ఖర్చు ఎలా వస్తాయి అన్నవి నలుగురూ కూర్చున్నచోట చెప్పవలసిన మాటలే. ఇందులో హక్కు కూడా ఉంది. 1984లో భోపాల్ దుర్ఘటన జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తమ ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన సమాచారాన్ని, శిక్షణను అడిగే హక్కు కార్మికులకు ఇచ్చారు. ఆ సవరణ ఫ్యాక్టరీల కోసం వచ్చిందే అయినా, దాని వెనకున్న న్యాయం ఆమ్లం సీసా పట్టుకునే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుందని నేను నమ్ముతాను.

ఇక లోటు చెబుతాను. ఒక ఏడాది ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా హాల్లో చెప్పాం. తెర మీద బొమ్మలు, మధ్యాహ్నం భోజనం, చివర అందరి సంతకాలు. మూడు రోజుల తర్వాత ల్యాబ్‌లో ఒక ఫెలోను ఆపి, కంట్లో ఆమ్లం పడితే కడుక్కునే కుళాయి ఎక్కడుందని అడిగాను. తెర మీద దాని బొమ్మ చూసినట్టు గుర్తుంది గాని అది ఏ గదిలో ఉందో తెలియదన్నాడు. ఇద్దరం కలిసి వెతికాం. అట్టపెట్టెల వెనక ఉంది. పెట్టెలు జరిపి పిడి నొక్కితే ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పు రంగు నీళ్ళు వచ్చాయి. రెండు గొట్టాల్లో ఒకదాని మూతిలో బల్లి గుడ్డు పెంకు అడ్డం పడి ఉంది. చాలాసేపు వదిలితే గాని తేట నీళ్ళు రాలేదు. కన్ను మండుతున్న మనిషి 15 నిమిషాలపాటు ఆపకుండా కడుక్కోవలసిన నీళ్ళు అవి. ఆ కుర్రాడి తప్పు అందులో ఏమీ లేదు. హాల్లో చెప్పిన మేము కూడా ఆ రోజు పొద్దున ఆ పిడి నొక్కి చూడలేదు. గదిలో కూర్చుని చెప్పే పాఠంలో ఉన్న అసలు ప్రమాదం అదే: వస్తువు పనిచేస్తుందో లేదో చెప్పేవారికీ తెలియదు, వినేవారికీ తెలియదు.

ఫోను కోర్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. అది కొందరికి చాలా మంచిది. వేరే రాష్ట్రం నుంచి వచ్చి తెలుగు రాని శాస్త్రవేత్త, తనకు తెలిసిన భాషలో, తీరిక దొరికినప్పుడు, అర్థం కాకపోతే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. రసాయనాలతో వచ్చే భద్రతా పత్రంలో 16 భాగాలుంటాయి. వాటిలో ప్రథమ చికిత్స ఎక్కడ, ఒలికినప్పుడు చేయవలసింది ఎక్కడ, నిల్వ సంగతి ఎక్కడ అని నిదానంగా చదివి తెలుసుకోవడానికి హాలు కంటే ఫోనే అనువు. పురుగుమందు డబ్బా మీద ఉండే త్రికోణం రంగులు కూడా అంతే. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, చివర ఆకుపచ్చ. ఈ వరుస ఒకసారి మనసుకెక్కితే పోదు. కాని చివర్లో వచ్చే ప్రశ్నల పరీక్షను నేను నమ్మను. ఒకరు రాసిన జవాబులు సాయంత్రానికి గదిలో అందరి ఫోన్లకూ చేరిపోతాయి. పైగా మాతో పనిచేసేవాళ్ళలో చదవడం రానివారున్నారు, ఇంట్లో ఒకే ఫోను ఉండి అది పిల్లల చేతిలో ఉండేవారున్నారు. ప్రమాదానికి అందరికంటే దగ్గరగా నిలబడేది వాళ్ళే, కోర్సు అందనిదీ వాళ్ళకే.

ఇక గట్టు, అంటే పాతవాళ్ళ వెంట తిప్పే మూడో పద్ధతి. పాత అటెండరుగారొకరు కొత్త ఫెలోను విత్తనాల గోడౌన్‌కు తీసుకెళ్ళిన ఒక ఉదయం నాకు బాగా గుర్తు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టి మూసిన గోడౌన్ తెరవవలసిన రోజు. ఆయన తాళం చేతిలో పట్టుకుని తలుపుకు దూరంగానే ఆగిపోయారు.

“గాలి ఎటునుంచి వస్తోంది బాబూ?” అని అడిగారు.

కుర్రాడు చుట్టూ చూశాడు. కాలువ గట్టు మీద కొబ్బరి మట్టలు తూర్పుకు వంగి ఊగుతున్నాయి. “పడమటి నుంచండి” అన్నాడు.

“అయితే మనం నిలబడవలసింది ఎటు?”

“పడమర వైపండి.”

“తలుపు తీశాక లోపలికి తొంగిచూడకూడదు. ఇటు తలుపు, అటు తలుపు రెండూ తీసి వచ్చేయాలి. వాసన రావడం లేదు కదా అని లోపలికి వెళ్ళకండి. అది మోసం చేస్తుంది.”

ఆ రెండు నిమిషాల్లో ఆయన చెప్పినదాన్ని నేను హాల్లో అరగంట చెప్పేవాణ్ణి. ఒక బిళ్ళ 3 గ్రాములుంటుంది, తేమ తగిలితే దాన్నుంచి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, మన డెల్టా గాలిలో తేమకు కొదవలేదు, ఆ వాయువుకు వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో ఉంటుంది గాని వాసన తెలియకపోయినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఇవన్నీ నిజాలే, తెలుసుకోవలసినవే. కాని కొబ్బరి మట్ట చూసి గాలివాటం పట్టడం మాత్రం ఆ కుర్రాడు ఆ ఆవరణలో నిలబడి నేర్చుకున్నాడు. ఆ తర్వాత మందు పిచికారీ చేసే రోజున, ఎవరూ చెప్పకుండానే, తల ఎత్తి మట్టల వైపు చూడడం గమనించాను.

గట్టు మీద మాత్రమే తెలిసే మరో సంగతి భాష. మన దగ్గర ‘మందు’ అన్న మాట ఒక్కటే. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే. “మందు పడిందండి” అని పొలం నుంచి ఎవరైనా పరుగెత్తుకొస్తే, బయటి నుంచి వచ్చిన శాస్త్రవేత్తకు అది ఏమీ తోచదు. ఏ మందు, ఎంత, ఒంటి మీద పడిందా, నోట్లోకి పోయిందా అని అడగడం నేర్పాలి. డబ్బానో, దాని మీది కాగితాన్నో మనిషితోపాటు ఆస్పత్రికి పంపాలని నేర్పాలి. కంటిపాప సూదిమొనలా చిన్నదైపోవడం, నోట్లోంచి చొంగ కారడం కనిపిస్తే అది ఎండదెబ్బ అనుకుని నీడన పడుకోబెట్టి ఊరుకోకూడదని నేర్పాలి. తెలుగు రాని కొత్తవారికి నేను మొదటి రోజే కొన్ని మాటలు రాసిస్తాను: పాము, కరెంటు, మందు, మంట, ఆపు, పరుగెత్తు, ఊపిరాడటం లేదు. తెలుగు మాత్రమే తెలిసిన కూలీలకు ఆంగ్లంలో ఉన్న హెచ్చరిక పలక ఎంత దూరమో, వీళ్ళకు పొలంలో వినిపించే కేక అంత దూరం. ఈ లోటు రెండు వైపులా ఉందన్న సంగతి చాలా శిక్షణల్లో ఎవరికీ తట్టదు.

ఇంత మెచ్చుకున్నాక దీని తప్పు కూడా చెప్పాలి, అది చిన్న తప్పు కాదు. పాతవాళ్ళు మంచి అలవాట్లతోపాటు చెడ్డవీ నేర్పుతారు. మందును ఒట్టి చేత్తో బకెట్లో కలిపేవారిని, ద్రవాన్ని కొలిచే గాజు గొట్టం పిప్పెట్‌ను నోటితో పీల్చేవారిని చూశాను. అడిగితే, “ఇన్నాళ్ళూ నాకేమీ కాలేదు కదండీ” అంటారు. ఆ మాట కంటే కొత్తవాళ్ళను త్వరగా లొంగదీసే మాట మరొకటి లేదు. పాముకాటు విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. కాటు పైన తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. ఈ మూడూ చేయకూడదు. మనిషిని నడవనివ్వకుండా, కరిచిన కాలునో చేతినో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి పామును వెతికి చంపి పట్టుకెళ్ళవలసిన పని లేదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. రాత్రి కాపలాకు పడుకున్న మనిషి చీమ కుట్టిందనుకుని ఊరుకుంటాడు. రెప్పలు వాలడం మొదలయ్యాక గాని తెలియదు. ఇవి పాతవాళ్ళకు సరిగా తెలుసునో లేదో చూసుకోకుండా కొత్తవాళ్ళను వాళ్ళ వెంట పంపితే, తప్పును మరో తరానికి అప్పగించినట్టే.

కాబట్టి నా షరతు ఇది: కొత్తవాళ్ళ కంటే ముందు, వాళ్ళను తిప్పబోయే ఇద్దరు ముగ్గురు పాతవాళ్ళకు శిక్షణ ఇవ్వాలి. సీనియారిటీని బట్టి ఎంచకూడదు. ఎవరు చెయ్యి తొడుగు వేసుకోకుండా సీసా ముట్టరో, ఎవరు తెలియదని ఒప్పుకోగలరో వాళ్ళను ఎంచాలి. అలాంటివారు ప్రతి కేంద్రంలోనూ ఒకరో ఇద్దరో తప్పక ఉంటారు.

హాలుకు నేను మిగిల్చేది మొదటి రోజు రెండు గంటలు. అంతలో చెప్పగలిగింది చెప్పి, భోజనానికి ముందే అందరినీ లేపి నడిపించాలి. కుళాయి పిడి ప్రతి ఒక్కరూ తమ చేత్తో నొక్కాలి. మంటలు ఆర్పే సిలిండరు పిన్ను ఎటు లాగాలో, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టాలని, కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదని అక్కడే చూపాలి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, తడిచేత్తో ముట్టుకున్నా ప్రాణం తీయకుండా తెగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఏ మోటారుకు ఉందో, ఏ మోటారుకు లేదో చూపాలి. లేనిచోట పాఠం చెప్పి లాభం లేదు, బ్రేకరు పెట్టించాలి.

మిగతాదంతా పంట వెంట నడవాలి. జూన్‌లో హాల్లో నూర్పిడి యంత్రం గురించి చెబితే కార్తీకం కోతలనాటికి ఎవరికి గుర్తుంటుంది? చున్నీ, తువ్వాలు, వదులు చేతుల చొక్కా యంత్రం దగ్గర వద్దని చెప్పవలసింది యంత్రం దించిన రోజున, దాని పక్కన నిలబడి. పిచికారీ పాఠం పిచికారీకి ముందు రోజు సాయంత్రం. పిడుగుల పాఠం తొలి ఉరుముల వేళకు. ఆమ్లం పాఠం కెల్డాల్ పెట్టె వెలిగించే ముందు: ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు, కళ్ళద్దాలు పెట్టుకోకుండా, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ తలుపు ఎత్తకూడదు.

ఊడ్పులప్పుడు మనుషులకు తీరిక ఎక్కడిదని నా తోటివాళ్ళు అడుగుతారు. నిజమే, ఆ వారాల్లో ఒక అటెండరును తప్పించడం కష్టం. కాని ఊడ్పులకు వచ్చే ఆడవాళ్ళకు ఏ పద్ధతిలోనూ ఏమీ చెప్పడం లేదన్నది అంతకంటే పెద్ద లోటు. వాళ్ళు హాలుకు రారు, ఫోనులో కోర్సు చేయరు. రోజంతా నీళ్ళలో నాని, పగిలిన కాళ్ళతో ఎలుకల మూత్రం కలిసిన మడిలోనే ఉంటారు. ఎలుక జ్వరం ఆ పగుళ్ళలోంచే ఒంట్లోకి వస్తుంది. దానికి గంట అక్కరలేదు. పొద్దున మడిలో దిగే ముందు గట్టు మీద పది నిమిషాలు చాలు. కాళ్ళు చూపించమని అడగాలి, పుండున్నవారికి ఆ రోజు పొడి పని ఇవ్వాలి, కూలి తగ్గించకూడదు. పని అయ్యాక సబ్బు, శుభ్రమైన నీళ్ళు అందుబాటులో ఉంచాలి. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, కండరాల నొప్పులు వస్తే మడిలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పమనాలి. మేస్త్రమ్మకు ఒకసారి సరిగా చెబితే మర్నాటి నుంచి ఆ మాట ఆమే చెబుతుంది, మనకంటే బాగా.

దాళ్వా మధ్యలో, జనవరిలో, ఒక్కరే వచ్చి చేరినప్పుడు హాలు పెట్టరు, జట్టూ ఉండదు. అలాంటివారికి మేము ఇప్పుడు ఒక చిన్న పుస్తకం ఇస్తున్నాం. అందులో పనుల పేర్లు, ఎదురుగా రెండు సంతకాల గళ్ళు ఉంటాయి. చూపించినవారు ఒక గడిలో, తన చేత్తో చేసి చూపిన తర్వాతే కొత్తవారు రెండో గడిలో సంతకం పెట్టాలి. మొదటి పేజీలో మొదటి పని కంటి కుళాయి పిడి నొక్కడం. వారానికొకసారి, శనివారం పొద్దున, నీళ్ళు తేటగా వచ్చేదాకా వదిలి తేదీ రాసే పని కూడా అందరికంటే కొత్తగా చేరినవారిదే.