డీఎల్ ఇంటిపేరు వెంట: ఎడిన్‌బరో, బిన్స్, మదర్‌వెల్

రాతలో డాల్జియెల్ అని కనిపించే ఈ అరుదైన స్కాటిష్ ఇంటిపేరును అక్కడివాళ్లు ‘డీఎల్’ అంటారు. అందులోని జెడ్ అసలు జెడ్డే కాదు. పాత స్కాట్స్ రాతలో ‘య’కు దగ్గరి ధ్వనికి యోఖ్ అనే అక్షరం ఉండేది, తోక దిగిన 3 లాగా. ముద్రాపకుల దగ్గర ఆ అక్షరం అచ్చుదిమ్మ లేక జెడ్ పెట్టారు. మన కైఫీయతులు పోగుచేయించిన కాలిన్ మెకంజీ పేరులోని జెడ్‌దీ ఇదే కథ.

ఈ పేరున్న కుటుంబం మూలాలు వెతకాలంటే ముందు ఎడిన్‌బరోలోని జనరల్ రిజిస్టర్ హౌస్ అనే పాత రికార్డుల భవనానికి వెళ్లండి. అక్కడి స్కాట్లండ్స్‌పీపుల్ సెంటర్‌లో రోజంతా సీటుకు 15 పౌండ్లు. ఇంటి నుంచి వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తే ఒక్కో రికార్డు స్కాన్‌కు 1.50 పౌండ్లు. పది కన్నా ఎక్కువ కాగితాలు చూడాల్సి ఉంటే సెంటరే లాభం. సీటు ముందే బుక్ చేసుకోండి. ధర కూడా అప్పుడే సరిచూసుకోండి.

మరణ నమోదుతో మొదలుపెట్టడం మేలు. 1855 నుంచి అందులో తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి పేరూ ఉంటుంది. అక్కణ్ణుంచి పాత చర్చి రిజిస్టర్లలోకి దిగవచ్చు. అయితే వివరాలు చెప్పింది పొరుగువాళ్లయితే తల్లిదండ్రుల పేర్లు తప్పిపోతుంటాయి. వెతికేటప్పుడు డి, ఏ, ఎల్ కొట్టి, నక్షత్రం గుర్తు (*) పెట్టి, చివర ఎల్ పెడితే జెడ్ రూపాలూ వై రూపాలూ కలిసి వస్తాయి. చెవికి వినబడినట్టు రాసిన గుమాస్తాలూ ఉన్నారు కాబట్టి డి, ఈతో మొదలయ్యేవి విడిగా చూడాలి.

డాలియెల్ అనే వై రూపాన్ని నిలుపుకున్న శాఖది లిన్‌లిత్‌గో దగ్గరి బిన్స్ భవనం. 1612లో ఎడిన్‌బరో వెన్న వ్యాపారి టామస్ కొన్న ఎస్టేట్ ఇది. 1944లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ చేతికొచ్చింది. లోపలికి గైడ్ వెంటే పంపుతారు, అదీ సీజన్‌లోనే. తేదీలు చూసుకోకుండా బయల్దేరితే తోట చూసి తిరిగిరావడమే. టామస్ కొడుకు, రాజు సేనాని జనరల్ టామ్ మీదికి సైతాను విసిరిందని చెప్పుకునే పాలరాతి బల్ల దగ్గర తప్పక ఆగండి. అది చెరువులో పడిందని కథ. 1878లో నీళ్లు ఇంకినప్పుడు నిజంగానే బయటపడింది. స్టేషన్ నుంచి సుమారు 4 మైళ్లు, టాక్సీయే నయం. బసకు లిన్‌లిత్‌గో హాయి. ఆగస్టు ఉత్సవాల్లో ఎడిన్‌బరో గదుల ధరలు భరించలేం.

పేరు పుట్టిన నేల మాత్రం గ్లాస్గో దగ్గరి మదర్‌వెల్. మన ఇంటిపేర్లు చాలావాటిలాగే ఇదీ ఊరి పేరే: స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో ‘తెల్లని పచ్చిక మైదానం’ అని చెబుతారు. ‘నేను తెగిస్తాను’ అన్న వీరుడి మాట నుంచి పేరు పుట్టిందనే కథ బాగుంటుంది గానీ, అది పేరు చుట్టూ తర్వాత అల్లిందే. 1288లో లానార్క్ షెరిఫ్‌గా హ్యూగో ద డాల్జెల్ కనిపిస్తాడు. 1647లో ఎస్టేట్ హామిల్టన్ల పాలయింది. ఇక్కడి డాల్జెల్ భవనం ఇప్పుడు సొంత ఫ్లాట్లు, బయటి నుంచే చూడాలి. పార్కు ఉచితం. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఎదిరించిన కవనెంటర్లు రహస్యంగా ప్రార్థన చేసుకున్న ఓక్ చెట్టు అక్కడే ఉంది, ఊతకర్రల మీద. వాళ్లనే 1666లో రలియన్ గ్రీన్ దగ్గర ఓడించింది బిన్స్ జనరల్ టామ్. క్లైడ్ నది ఒడ్డు బాట వాన పడితే జారుతుంది, బూట్లు వేసుకెళ్లండి.